తాడు లాగే ముందు: బోటు ఇంజన్లు, నీటి జీవాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీశైలం వెనకజలాల మీద తిరిగే బోట్ల ఇంజన్లు బాగుచేయడం నా పని. నందికొట్కూరు వైపు రేవుల్లో పద్దెనిమిదేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. ఫ్యాను విప్పినప్పుడల్లా ఏదో ఒకటి బయటపడుతుంది. టంగూసు వల (సన్నని నైలాన్ దారం వల), గోనెసంచి పీలికలు, అప్పుడప్పుడు తాబేటి చిప్ప ముక్క. బోటు నడిపేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు, అవుకు, గండికోట, మైలవరం చూడటానికి వచ్చి బోటెక్కేవాళ్లు అందరూ అడిగేవి ఏటేటా అవే ప్రశ్నలు. ఫోన్లో చెప్పి చెప్పి, చివరికి ఒకచోట రాసిపెడదామని కూర్చున్నాను. ప్రతి ప్రశ్నకూ జవాబు అక్కడే పూర్తవుతుంది, మీకు కావలసింది వెతుక్కుని చదువుకోండి. ప్రొపెల్లర్‌ను మా రేవుల్లో ఫ్యాను అంటారు. ఇక్కడా అదే మాట వాడాను.

## మొదట వచ్చే అనుమానాలు

ఇంత పెద్ద నీళ్లలో మా చిన్న ఫ్యాను దేనికి తగులుతుంది అన్నా?

నీళ్లు పెద్దవే. కానీ జీవాలు నీళ్లంతా సమానంగా పరుచుకుని ఉండవు. తాబేలు ఎండ కాగేది ఒడ్డున, నీటికుక్క చేపను తినేది ఒడ్డు రాళ్ల మీద, చేపపిల్లలు తిరిగేది లోతు లేని చోట. మన బోటు బయలుదేరేదీ, ఆగేదీ అక్కడే. నడి నీళ్లలో ఏదైనా తగిలిందన్న మాట నేను విన్నది తక్కువ. నా దగ్గరికొచ్చిన కేసుల్లో ఎక్కువ భాగం ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడో, రివర్సు వేసినప్పుడో, రేవులో ఆపేటప్పుడో జరిగినవి. ఆ అర నిమిషమే అసలు ప్రమాదం.

కాలాన్ని బట్టి కూడా మారుతుంది. శ్రీశైలం జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. అంత నిండినప్పుడు నీళ్లు పొలాల మీదికి పరుచుకుంటాయి, జీవాలకు చోటు దొరుకుతుంది. ఎండాకాలానికి మట్టం పడిపోయి సంగమేశ్వరం గుడి బయటపడే రోజుల్లో కృష్ణ తన పాత పాయలోకి ముడుచుకుంటుంది. అప్పుడు బోటుకూ మొసలికీ తాబేలుకూ మిగిలేది ఆ ఒక్క దారే.

మన నీళ్లలో ఏయే జీవాలకు ఈ ముప్పు ఉంది?

ఎక్కువగా తాబేళ్లకు. మన చెరువుల్లో, కాలువల్లో కనిపించే మెత్తని చిప్ప తాబేలు ఊపిరి కోసం పైకి రాకుండా ఉండలేదు, వచ్చినప్పుడు ముక్కు కొన మాత్రమే పైకి పెడుతుంది. అలల్లో అది కనపడదు. తర్వాత నీటి పాములు, నీటికాకులు, బొచ్చె, రోహు లాంటి పెద్ద చేపలు. శ్రీశైలం వెనకజలాల్లో నీటికుక్కలు, మొసళ్లు కూడా ఉన్నాయి. అటు నల్లమల వైపు గట్టంతా పులుల అభయారణ్యానిదే కాబట్టి అక్కడ మరీ జాగ్రత్తగా ఉండాలి.

డాల్ఫిన్లకు దెబ్బలు తగులుతాయని చదివాం. మన కృష్ణలో ఉన్నాయా?

లేవు. మంచినీటి డాల్ఫిన్లు గంగ, బ్రహ్మపుత్ర నదుల్లో ఉంటాయి. ఫ్యాను దెబ్బల గురించి ఎక్కువగా చదివేది అమెరికాలోని ఫ్లోరిడాలో ఉండే మనటీలనే పెద్ద నీటి జంతువుల గురించి. అక్కడ వాటి వీపు మీది ఫ్యాను మచ్చలను బట్టే ఒక్కోదాన్ని గుర్తుపడతారంటే ఎన్ని దెబ్బలు తగులుతున్నాయో ఆలోచించండి. మన దగ్గర ఆ దెబ్బలు తినేది తాబేలు. దాని ఫొటో ఎవరూ తీయరు కాబట్టి లెక్కలోకి రాదు.

ఫ్యాను చప్పుడు వినపడగానే అవి తప్పించుకోలేవా?

బోటు వెనక బయట తగిలించే చిన్న ఔట్‌బోర్డ్ ఇంజన్ పూర్తి వేగంలో నిమిషానికి 5,000 చుట్ల దాకా తిరుగుతుంది. కింద ఉండే గేరు దాన్ని దాదాపు సగానికి తగ్గిస్తుంది. అంటే ఫ్యాను నిమిషానికి 2,000 చుట్ల పైమాటే. మూడు రెక్కల ఫ్యాను అయితే సెకనుకు నూరు కోతలు. పైగా భయమేస్తే తాబేలు ఒక్కోసారి పారిపోకుండా తలా కాళ్లూ లోపలికి లాక్కుని ఉన్నచోటే ఉంటుంది. నక్క నుంచి కాపాడుకోవడానికి అది పనికొస్తుంది. ఫ్యాను ముందు పనికిరాదు.

## ఒడ్డు వదలకముందు

ఇంజన్ స్టార్ట్ చేసే ముందు ఏమేం చూడాలి?

తాడు లాగే ముందు బోటు వెనక్కి వెళ్లి, వంగి, ఫ్యాను చుట్టూ ఉన్న నీళ్లను చూడండి. ఈ పేజీలో ఒక్క మాటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి. రాత్రంతా నిలిపిన బోటు కింద నీడ ఉంటుంది. నీడకు చేపపిల్లలు చేరతాయి, వాటి కోసం తాబేలో నీటి పామో వస్తుంది. పొద్దున్నే మీరొచ్చి తాడు లాగేసరికి అవి అక్కడే ఉంటాయి.

చూశాక తెడ్డుతో బోటు పక్క చెక్క మీద నాలుగు దెబ్బలు కొట్టండి. నీళ్లలో కదలిక కనిపిస్తే అది సద్దుమణిగేదాకా ఆగండి. వీలున్న చోట తెడ్డుతోనో గెడతోనో పది బారలు లోపలికి తోసుకుపోయి, అక్కడ ఇంజన్ వేయండి. మా తాతల కాలం పుట్టి నడిపేవాళ్లకు ఇది అలవాటే, ఇంజన్లు వచ్చాక పోయింది. స్టార్ట్ చేసేటప్పుడు గేరు న్యూట్రల్‌లోనే ఉండాలి. గేరులో వదిలేసి తాడు లాగితే మొదటి చుట్టుతోనే ఫ్యాను తిరిగేస్తుంది. జీవానికే కాదు, నీళ్లలో నిలబడి బోటు తోస్తున్న మనిషి కాలికి కూడా అది ప్రమాదం.

డీజిల్ ఇంజన్ బోటయితే ఇంకొక పని ఉంది. మూత ఎత్తి బెల్టు, ఫ్లైవీల్, కింది చెక్కల సందు టార్చితో చూడాలి. చలికాలంలో రాత్రి ఆపిన ఇంజన్ వెచ్చదనానికి ఎలుక, కప్ప, వాటి వెనకాలే పాము చేరతాయి. హ్యాండిల్ తిప్పాక చూసి లాభం లేదు.

ఇంజన్ పెట్టెలో పాము పడుకుని ఉంది. ఏం చేయాలి?

స్టార్ట్ చేయొద్దు, కర్రతో పొడవొద్దు. మూత తెరిచి పెట్టి, మనుషులు దూరం జరిగి, గంటసేపు వదిలేయండి. వెలుతురు పడితే చాలావరకు అదే పోతుంది. ఒంటి మీద గళ్లు గళ్లుగా ఉండే నీటి పాముకు విషం లేదు, కానీ కోపం ఎక్కువ, కరుస్తుంది. వరద రోజుల్లో రక్తపింజరి కూడా బోటెక్కుతుంది. మీకు తేడా తెలియకపోతే ప్రతి పామూ విషపుదే అనుకోండి. అది పోకపోతే అటవీ శాఖ వాళ్లనో పాములు పట్టడం తెలిసిన మనిషినో పిలిపించండి. కాటు పడితే కట్టు కట్టొద్దు, కోయొద్దు. 108కి ఫోన్ చేసి, కాటు పడిన చోటు కదలకుండా ఆసుపత్రికి తీసుకుపోండి.

నెల రోజులు పక్కన పెట్టిన బోటులో పిట్ట గూడు కట్టింది. తీసేయొచ్చా?

గుడ్లో పిల్లలో ఉంటే తీయొద్దు. చిన్న పిట్టల పిల్లలు రెండు మూడు వారాల్లో ఎగిరిపోతాయి. అన్ని రోజులూ వేరే బోటుతో గడిపే వీలుంటే గడపండి. ఖాళీ గూడయితే తీసి, సందుకు గుడ్డ కుక్కండి. ఇంజన్ మీద పరిచే పట్టా అంచులు కిందికి కట్టి ఉంటే అసలు గూడే కట్టదు.

ఫ్యాను చుట్టూ జాలీ బిగిస్తే సరిపోతుంది కదా?

కొంతవరకు. గుండ్రటి రింగు గానీ జాలీ గానీ రెక్క కోత నుంచి కాపాడుతుంది, గుద్దు నుంచి కాపాడదు. వేగంగా పోయే బోటు జాలీతో గుద్దినా తాబేలు చిప్ప పగులుతుంది. జాలీకి గుర్రపు డెక్క, ప్లాస్టిక్ సంచులు చుట్టుకుంటాయి, డీజిలు ఎక్కువ తాగుతుంది, రివర్సులో లాగుడు తగ్గుతుంది. జనం స్నానాలు చేసే రేవుల్లో, పర్యాటకులను ఎక్కించుకుని మెల్లగా తిప్పే బోట్లకు మాత్రం తప్పకుండా బిగించమని చెబుతాను. లోతులో పెద్ద వలలేసే బోటుకు అంత ఉపయోగం లేదు. ఇంకొక మాట. ఊళ్లో వెల్డింగు చేయించిన జాలీ ఊడి ఫ్యానులో పడితే గేరుపెట్టె పోతుంది. ఇంజన్ కొలతకు సరిపడేదే తెచ్చుకోండి.

బ్యాటరీ బోటు కొంటే ఈ బాధ ఉండదా?

పొగ ఉండదు, నూనె కారదు. ఫ్యాను మాత్రం ఉంటుంది. చప్పుడు తక్కువ కాబట్టి దగ్గరికొచ్చేదాకా జీవాలకు తెలియకపోవచ్చు. కాబట్టి ఇంకా మెల్లగా నడపాలి.

రేవు దగ్గర చేపలకు బొరుగులు వేస్తే పుణ్యమే కదా, ఎందుకు వద్దంటారు?

మీ భక్తిని తప్పు పట్టడం లేదు. చోటు మార్చమని అడుగుతున్నాను. రోజూ ఒకే రేవులో బొరుగులు పడితే చేపలు ఆ రేవుకు అలవాటుపడతాయి. బోటు చప్పుడు వినగానే దూరం పోవాల్సింది, తిండి వచ్చిందని దగ్గరికొస్తాయి. చేపల కోసం తాబేళ్లు, నీటికాకులు వస్తాయి. ఒక శివరాత్రి మరుసటి రోజు ఒక రేవులో నేను కళ్లారా చూశాను. బొరుగులు తెల్లగా తేలుతున్న చోటే ఒక బోటు రివర్సు వేశారు. నీళ్ల మీద బొరుగులతో పాటు పొలుసులు పైకి తేలాయి, అరచేతంత చేపలు నాలుగైదు వెల్లకిలా పడ్డాయి. బొరుగులు వేసిన పిల్ల ఏడుస్తూ వాళ్లమ్మ కొంగు పట్టుకుంది. బోట్లు ఆగే చోటికి నూరు అడుగుల అవతల, మెట్ల పక్కన వేయండి. ప్లాస్టిక్ సంచి మాత్రం ఇంటికి తీసుకుపోండి, అది నేరుగా ఫ్యానులోకే వస్తుంది.

## నీళ్ల మీద పోతున్నప్పుడు

ఒడ్డు దగ్గర ఎంత వేగంతో పోవాలి?

మనిషి నడిచినంత వేగం. వెనక తెల్ల నురగ కనిపించిందంటే అప్పటికే ఎక్కువైనట్టు. గట్టు నుంచి కనీసం యాభై మీటర్ల దాకా ఇదే పాటించండి. జమ్ము, తామరాకులు, గుర్రపు డెక్క ఉన్న చోట ఇంజన్ ఎత్తేసి గెడతో పొండి. అక్కడ నీటి పిట్టల తేలే గూళ్లు ఉంటాయి, ఫ్యాను తగలకపోయినా పెద్ద అల వస్తే గుడ్లు నీళ్లపాలవుతాయి.

నీటికుక్కల గుంపు బోటు వెంట వస్తే ఏం చేయాలి?

గేరు న్యూట్రల్ చేసి ఆగండి. అవి తలలు పైకెత్తి చూస్తాయి, బుసలు కొట్టినట్టు ఊదుతాయి, కాసేపటికి పోతాయి. గుంపును చీల్చుకుని మధ్యలోంచి పోవద్దు. చలికాలం చుట్టుపక్కల వాటి వెంట పిల్లలుంటాయి. పెద్దవి మునిగి తప్పించుకున్నా ఈత సరిగ్గా రాని పిల్లలు పైనే తేలుతుంటాయి. ఫోన్లో వీడియో కోసం వెంటపడేవాళ్లను ఎక్కించుకుంటే, ఇంజన్ మీ చేతిలో ఉందని గుర్తుపెట్టుకుని మీరే వద్దనండి.

చీకట్లో మొసలిని గుర్తుపట్టేదెలా?

టార్చి వెలుగు నీళ్లకు ఆనించినట్టు పడితే దాని కళ్లు నిప్పుకణికల్లా ఎర్రగా మెరుస్తాయి. రెండు మెరుపుల మధ్య దూరం ఎక్కువుంటే పెద్దది. అది కనిపిస్తే చుట్టు తిరిగి పొండి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గట్టు ఇసుకలో గుడ్లు పెడతాయి, మే, జూన్‌లలో పిల్లలు బయటికొస్తాయి. ఆ రోజుల్లో తల్లి గట్టు వదలదు. నా సలహా ఏమిటంటే, వలల పని తప్ప రాత్రిపూట బోటే వేయొద్దు. మనుషులకైనా అది మంచిది కాదు.

ఫ్యానుకు మాటిమాటికి వల చుట్టుకుంటోంది. జీవాలకూ దానికీ సంబంధం ఏమిటి?

ఉంది. తెగిన టంగూసు వల నీళ్లలో కుళ్లదు. ఏళ్ల తరబడి చేపలనూ తాబేళ్లనూ పడుతూనే ఉంటుంది, తీసేవాళ్లు ఉండరు. దాంట్లో చిక్కిన తాబేలు ఊపిరాడక తండ్లాడుతుంటే, అదే వల మీ ఫ్యానుకు చుట్టుకుని దాన్ని కూడా లాగేస్తుంది. నా షెడ్డుకు వచ్చిన తాబేళ్లలో చాలావాటికి మెడ చుట్టూ వల కోత ముందే ఉంది. చిక్కిన వలను కోసి మళ్లీ నీళ్లలో వేయొద్దు. బోటులో ఒక గోనెసంచి పెట్టుకుని అందులో వేసి గట్టుకు చేర్చండి. వల వేసిన చోట రెండు కొసలకూ తేలే డబ్బాలు కట్టి ఉంటే తోటి బోటువాడు తప్పుకుపోతాడు.

వరద వచ్చినప్పుడు ప్రత్యేకంగా ఏమైనా చేయాలా?

కొట్టుకొచ్చే చెత్తకుప్పల మీద పాములు, ముంగిసలు, ఉడుములు ఎక్కి ఉంటాయి. చెత్తలోకి ఫ్యాను పెట్టొద్దు. అవి బోటెక్కితే తరిమి నీళ్లలో తోయకండి, ముందుభాగం వాటికి వదిలి మెల్లగా గట్టుకు ఆనించండి. దిగిపోతాయి.

## ఏదో తగిలాక

దడ్ మని ఏదో తగిలింది. వెంటనే ఏం చేయాలి?

మణికట్టుకు కట్టుకున్న ఎర్ర తాడు లాగి ఇంజన్ ఆపేయండి. చాలామంది భయంతో రివర్సు వేస్తారు, అది రెండో దెబ్బ. ఇంజన్ ఆగాక చుట్టూ నీళ్లు చూడండి. రక్తం, బుడగలు, తేలే చిప్ప ఏమైనా కనిపిస్తున్నాయా? చిన్న ఇంజన్లలో దెబ్బకు షియర్ పిన్ (ఫ్యానును ఇరుసుకు పట్టి ఉంచే చిన్న పిన్ను) విరుగుతుంది. ఇంజన్ మోగుతున్నా బోటు కదలదు. మొద్దు తగిలినా ఇలాగే అవుతుంది కాబట్టి కంగారుపడొద్దు. ఐదు నిమిషాలు ఆగి చూడటంలో పోయేదేమీ లేదు. దెబ్బ తిన్న తాబేలు ఆ కాసేపట్లో ఊపిరి కోసం పైకి వస్తుంది.

తాబేలు వలతో పాటు ఫ్యానుకు చుట్టుకుంది. విడిపించేదెలా?

ముందు ఇంజన్ పూర్తిగా ఆపి, ప్లగ్గు వైరు ఊడదీయండి. ఫ్యానును చేత్తో తిప్పినా ఒక్కోసారి ఇంజన్ అందుకుంటుంది, వేళ్లు పోతాయి. తర్వాత దాని తల నీళ్ల పైన ఉందా చూడండి. లేకపోతే మిగతా పనులన్నీ ఆపి ముందు తల పైకెత్తండి. ఔట్‌బోర్డ్ అయితే ఇంజన్ పైకి వంచి, ఇంజన్ లోపల ఉండి పొడుగు కడ్డీతో ఫ్యాను తిప్పే షాఫ్ట్ బోటయితే మోకాలి లోతుకు తోసుకొచ్చి పని మొదలుపెట్టండి.

వలను లాగొద్దు. లాగితే దారం కండలోకి దిగుతుంది. చిన్న కత్తెర తీసుకుని, తాబేలుకు ఒక పక్కనా ఫ్యానుకు ఒక పక్కనా కోసి, ముందు తాబేలును వేరుచేయండి. కాళ్లకూ మెడకూ చుట్టుకున్న దారాన్ని గట్టున తీరిగ్గా తీయొచ్చు. మెత్తని చిప్ప తాబేలు మెడ చాలా పొడవు, వెనక్కి తిప్పి కరుస్తుంది. తోక వైపు నుంచి, వెనక కాళ్ల ముందు రెండు చేతులతో పట్టుకోండి.

చిప్ప పగిలిన తాబేలును నీళ్లలో వదిలేస్తే అదే బాగవుతుంది కదా?

కాదు. అందరూ చేసే తప్పు ఇదే, నేనూ చేశాను.

కొన్నేళ్ల కిందట ముచ్చుమర్రి వైపు ఒక బోటాయన గోనెసంచిలో ఒక తాబేలును తెచ్చాడు. వీపు మీద మూడు గాట్లు, దువ్వెన పళ్లలా పక్కపక్కనే. నడిమి గాటులోంచి అది ఊపిరి తీసినప్పుడల్లా ఎర్రటి నురగ పొంగి, మళ్లీ లోపలికి పోతోంది. కళ్లు తెరిచి మమ్మల్నే చూస్తోంది. నీటి జీవం కదా, నీళ్లలోనే ఉండాలి అనుకుని ఇద్దరం తీసుకుపోయి రేవులో వదిలాం. బుడగలు వచ్చాయి, కిందికి పోయింది. సాయంత్రానికి తేలింది.

తాబేలు ఊపిరితిత్తులు వీపు చిప్పకు సరిగ్గా కిందే ఉంటాయని తర్వాత ఒక పశువుల డాక్టరు చెప్పారు. చిప్ప గాటు లోతుగా దిగితే అది ఊపిరితిత్తికి పడిన గాటే. అలాంటిదాన్ని నీళ్లలో వదిలితే గాయంలోంచి నీళ్లు లోపలికి పోయి మునిగి చస్తుంది. ఆ నురగను చూసి కూడా నాకు అర్థం కాలేదు. అందుకే ఇది ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

చేయాల్సింది ఇది. వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టిలో తడిపి పిండిన గుడ్డ పరిచి దాన్ని పెట్టండి. మెత్తని చిప్ప త్వరగా ఆరిపోతుంది కాబట్టి గాయం లేని చోట తడి గుడ్డ కప్పండి. తొట్టిలో నీళ్లు పోయొద్దు. నీడలో, కుక్కలు రాని చోట ఉంచండి. తిండి పెట్టొద్దు. ఎక్కడ దొరికిందో గుర్తు రాసుకోండి, బాగయ్యాక అక్కడే వదలాలి. చిప్ప ఎముకే కాబట్టి డాక్టరు చేతిలో పడితే అతుకుతుంది. నెలలు పడుతుంది, కానీ అతుకుతుంది.

గాయానికి పసుపు, గ్రీజు, ఫెవిక్విక్ పెట్టొచ్చా?

ఏదీ వద్దు. గ్రీజు, జిగురు లోపలికి దిగితే డాక్టరు మళ్లీ అంతా గీకి తీయాలి. మురికి ఉంటే కాచి చల్లార్చిన నీళ్లలో ఉప్పు కలిపి పైపైన పోయండి, లోతైన గాటులోకి అదీ వద్దు. శుభ్రమైన పొడి గుడ్డ వదులుగా కప్పి ఉంచండి చాలు.

కదలడం లేదు. చచ్చిపోయినట్టేనా?

తాబేలు విషయంలో తొందరపడొద్దు. దాని గుండె చాలా మెల్లగా కొట్టుకుంటుంది, గంటల తరబడి కదలకుండా పడి ఉండి మళ్లీ తల ఎత్తినవి ఉన్నాయి. డాక్టరు చూసి చెప్పేదాకా బతికే ఉందనుకోండి.

కొంగకో నీటికాకికో రెక్క విరిగింది. ఎలా పట్టుకోవాలి?

పైన ఒక తువ్వాలు వేసి, ముందు ముక్కు పట్టుకోండి. కొంగ నేరుగా కంటికే పొడుస్తుంది, నీటికాకి ముక్కు కొన కొక్కెంలా ఉండి చర్మం చీల్చేస్తుంది. అట్టపెట్టెకు గాలి రంధ్రాలు చేసి, లోపల చీకటిగా ఉంచండి. చీకటిలో పక్షి సద్దుమణుగుతుంది. నోట్లో నీళ్లు పోయొద్దు.

దెబ్బ తిన్న నీటికుక్కను తీయబోతే కరిచింది. సూది వేయించుకోవాలా?

తప్పకుండా. పాలిచ్చే జంతువు ఏది కరిచినా రేబిస్ అనుమానం ఉన్నట్టే. గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ల కింద పావుగంట కడిగి, అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి పోండి. అసలు నీటికుక్కను చేత్తో ముట్టుకోవద్దు. పక్కనే ఉండి, కుక్కలనూ జనాన్నీ దూరంగా ఉంచి, అటవీ సిబ్బంది వచ్చేదాకా కాపలా ఉంటే చాలు.

మొసలికి తగిలింది. దగ్గరికి పోయి చూడాలా?

వద్దు. గాయపడిన మొసలి గాయపడిందని కనపడదు. చోటు గుర్తుపెట్టుకుని, రేవులో ఉన్నవాళ్లకు చెప్పి, బట్టలు ఉతికేవాళ్లనూ గేదెలనూ నీళ్లలోంచి బయటికి రప్పించి, అటవీ శాఖకు ఫోన్ చేయండి.

## ఎవరికి చెప్పాలి, చెబితే ఏమవుతుంది

ఫోన్ ఎవరికి చేయాలి?

మీ రేవుకు దగ్గరి అటవీ బీటు అధికారి నంబరు ఈ రోజే తీసుకుని ఫోన్లో పెట్టుకోండి. ఆపద వచ్చినప్పుడు వెతికితే దొరకదు. అదీ కుదరకపోతే 112కు చేస్తే పోలీసుల ద్వారా కబురు చేరుతుంది. 1962 పశువుల అంబులెన్సు ప్రధానంగా పాడి పశువుల కోసం, కానీ దగ్గర్లో డాక్టరు ఎవరున్నారో తెలుసుకోవడానికి పనికొస్తుంది. కడప వైపు వాళ్లకు ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది. పెద్ద గాయాలైతే అటవీ శాఖ వాళ్లు తిరుపతి జంతు ప్రదర్శనశాల వైపు పంపడం గురించి చూస్తారు. మీరే సొంతంగా బస్సులో తీసుకుపోవద్దు, దారిలో ఎవరైనా ఆపితే ఇబ్బంది మీకే.

నేనే పోయి చెబితే కేసు నా మీదే పెడతారేమో?

ఈ భయం వల్లే ఎక్కువ జీవాలు చస్తున్నాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం శిక్షించేది వేటను. మెత్తని చిప్ప తాబేలు, మొసలి, నీటికుక్క మూడూ మొదటి షెడ్యూలులో, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జీవాల జాబితాలో ఉన్నాయి. వాటిని వేటాడితే 3 నుంచి 7 ఏళ్ల జైలు, 2022 సవరణ తర్వాత 25,000 రూపాయలకు తక్కువ కాని జరిమానా. నీళ్లలో కనపడక ఫ్యాను తగలడం వేట కాదు. కానీ దాన్ని దాచిపెట్టినా, ఇంటికి తీసుకుపోయినా, అమ్మినా అది వేరే కథ అవుతుంది. ఎంత త్వరగా చెబితే మీ మాటకు అంత బలం. చెప్పిన సమయం, చోటు ఒక కాగితం మీద రాసుకోండి. బోటు రిజిస్ట్రేషను, ఫిట్‌నెస్ కాగితాలు సరిగ్గా ఉండటం కూడా ముఖ్యం. 2021 అంతర్గత జలయానాల చట్టం ప్రకారం ఇంజన్ బోట్లకు అవి ఉండాలి.

ఎలాగూ చచ్చింది కదా, కూర వండుకుంటే తప్పేముంది?

చట్టం ప్రకారం చచ్చిన వన్యప్రాణి కూడా ప్రభుత్వానిదే. చేతికొచ్చిన 48 గంటల్లో పోలీస్ స్టేషనుకో అటవీ అధికారికో చెప్పాలి. కూర వండితే ప్రమాదం కాస్తా నేరమవుతుంది. పెద్దలు తినేవాళ్లని నాకూ తెలుసు. అప్పుడు ఫ్యానులు లేవు, ఇన్ని వలలు లేవు, తాబేళ్లు ఇంతకంటే ఎక్కువ ఉండేవి.

ఫొటోలు తీసి పెట్టొచ్చా?

అధికారులకు చూపించడానికి రెండు తీయండి. గాయం దగ్గరగా ఒకటి, చోటు తెలిసేలా ఒకటి. తాబేళ్లు ఎక్కడ దొరుకుతాయో అందరికీ తెలిసేలా పెట్టొద్దు. కొనేవాళ్లు అవే చూసి వస్తారు.

## బోట్లు తిరగని చోట

కర్నూలు-కడప కాలువలో ఒకప్పుడు బోట్లు తిరిగేవంటారు, నిజమేనా?

నిజమే. 1860లలో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ కె.సి. కాలువను సాగుకూ పడవల రాకపోకలకూ కలిపే తవ్వింది. 1882లో ప్రభుత్వం తీసుకుంది. తర్వాత పడవలు పోయాయి, సాగునీరు మిగిలింది. అప్పటి పడవలకు ఇంజన్లు లేవు.

కాలువలో ఇంజన్లే లేవు కదా, అక్కడ తాబేళ్లకు భయమేముంది?

పూడిక తీసే జేసీబీ ఉంది. ఎండాకాలంలో నీళ్లు ఆపేసినప్పుడు మెత్తని చిప్ప తాబేలు బురదలోకి దిగి, పైన మట్టి గట్టిపడ్డా లోపలే పడుకుని వానల దాకా ఉండిపోతుంది. అనంతపురం చెరువుల్లోనూ ఇంతే. మనం అదే సమయంలో బకెట్టు దించుతాం. కోత పడినా చప్పుడు ఉండదు, మట్టితో పాటు ట్రాక్టరెక్కి పొలానికి పోతుంది. పూడిక పని మొదలయ్యే రోజు ఇద్దరు కూలీలను ముందు నడిపించి, నడిమి బురద గుంటలను పారతో మెల్లగా తిరగేయించండి. మట్టి పొలంలో పోశాక కూడా ఒకసారి కలియబెట్టి చూడండి. దొరికిన వాటిని తడి గుడ్డలో ఉంచి, నీళ్లున్న దగ్గరి మడుగులో అటవీ సిబ్బంది ఎదుట వదలండి. గాయం ఉంటే మాత్రం నీళ్లలో వేయొద్దు, డాక్టరుకు చూపించాలి.

ఎత్తిపోతల పంపుల్లోకి చేపలు పోతాయా?

పోతాయి. మల్యాల, ముచ్చుమర్రి లాంటి పెద్ద లిఫ్టుల దగ్గర ముందు ఇనుప కడ్డీల జాలీలు ఉంటాయి, కానీ చేపపిల్లలు సందుల్లోంచి పోతాయి. రైతులు సొంతంగా పెట్టుకునే ఆయిల్ ఇంజన్లకే మన చేతిలో ఉన్న పని ఎక్కువ. నీళ్లు లాగే పైపు కొసకు సన్న జాలీ బుట్ట కట్టి, దాన్ని అడుగు బురదకు ఆనకుండా జానెడు పైన వేలాడదీయండి. కప్పలు, చేపపిల్లలు తప్పించుకుంటాయి, పంపులోకి ఇసుక కూడా రాదు. బుట్టకు పట్టిన చెత్తను మోటరు ఆపాకే చేత్తో తీయండి.